పక్కకి

ఆ ఏడు వానలు పట్టుకున్న వారానికే నా చెవులకు పని పోయింది. చెవులు పోలేదు, పని మాత్రమే పోయింది. ఆ రెంటికీ తేడా ఉందని అప్పటికి నాకు తెలియదు.

కప్పుల ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్లు చేశాను. బట్టీలోంచి దిగిన కప్పులు చల్లారాక, రబ్బరు పట్టా మీద ఒకదాని వెనక ఒకటి నా ముందుకు వచ్చేవి. నా కుడిచేతిలో జానెడు కర్రపుల్ల. దాంతో ప్రతి కప్పు అంచు మీదా ఒకే ఒక్క దెబ్బ. మంచి కప్పయితే ఖంగుమంటుంది. కంటికి ఆనని పగులున్నదయితే జలుబు చేసిన గొంతులా బొంగురుపోతుంది. అలాంటిదాన్ని ఎడమచేత్తో తీసి ఎడమవైపు తొట్టిలో పడేసి, వెనక కూర్చున్న గుమాస్తాకు వినపడేలా "పక్కకి" అనాలి. ఆయన పుస్తకంలో ఒక గీత గీస్తాడు. చెయ్యీ నోరూ ఒకేసారి కదలాలి, లేకపోతే గీతలు తప్పిపోతాయి. రోజుకు రెండు మూడు వందల సార్లు అనేదాన్ని ఆ మాట. నిద్రలో కూడా అంటున్నావే అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ఫ్యాక్టరీలో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చెవులమ్మ, అంతే. ఒకసారి హాజరు పట్టీలో కూడా అలాగే పడింది. కోపం రాకపోగా, ఆ కాగితం అడిగి తెచ్చుకుని ఇంట్లో దాచుకున్నాను. పొరుగావిడ గిన్నె కింద పెట్టిన చప్పుడు విని, దాని అడుగు చిట్లిందని గోడ ఇవతల నుంచే చెప్పేదాన్ని. పొగరే. కాదనను.

యంత్రం తెచ్చింది సూపర్‌వైజరు. ఆయన్ని అందరం చాటుగా ఇస్త్రీ అనేవాళ్లం. ఎంత ఎండలోనైనా ఎంత వానలోనైనా ఆయన చొక్కా నలగదు. ఒకప్పుడు పొడి గదిలో మా ఆయనతో కలిసి తొమ్మిదేళ్లు పనిచేసినవాడే. రాతిపొడీ మట్టీ కలిపే గది అది. అందులోంచి బయటపడి పై మెట్టెక్కాక, ఆ దుమ్ముకీ తనకీ ఏ సంబంధమూ లేనట్టు తిరిగేవాడు.

"మనిషి చెవి కదమ్మా, ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. దీనికి తలనొప్పి రాదు, జలుబు చెయ్యదు" అన్నాడు గాజు పెట్టెలాంటి ఆ యంత్రాన్ని తడుముతూ.

నాకు ఒళ్లు మండింది. "పందెం కాస్తాను సారూ, పెట్టండి దాన్నీ నన్నూ" అన్నాను.

నలభై కప్పులు తెచ్చారు. నేను ఏడింటిని పక్కకి అన్నాను. యంత్రం ఎనిమిదింటిని తోసేసింది. ఆ ఎనిమిదో కప్పుకు ఇస్త్రీ అందరి ముందూ సిరా పూసి, గుడ్డతో తుడిచి చూపించాడు. వెంట్రుకంత నల్లగీత తేలింది. నాకది శుభ్రంగా ఖంగుమనే వినిపించింది. అన్నేళ్లు కప్పుల్ని ఖంగుమనిపించినదాన్ని ఆ రోజు నేనే ఖంగు తిన్నాను.

సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. కర్రపుల్ల ఇంటికి తెచ్చేసుకున్నాను. అది అడిగే దిక్కు కూడా లేకపోయింది.

*

ఇంట్లో ఉండడం నాకు చేతకాలేదు. పొద్దున్నే లేచి, జడ వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా కూర్చునేదాన్ని. చేతులు ఊరుకునేవి కావు. కుర్చీ తట్టేదాన్ని, కిటికీ అద్దం తట్టేదాన్ని, నీళ్ల బకెట్టు తట్టేదాన్ని. మా అమ్మాయి బట్టల కొట్లో పనిచేస్తూ సాయంకాలం చదువుకు దరఖాస్తు పెట్టుకుంటోంది. దానికి విసుగొచ్చింది.

"అమ్మా, ఇల్లంతా తట్టి చూడ్డం అయిపోయిందా? ఇక మిగిలింది నా నెత్తే."

"అది తట్టక్కర్లేదు. ఖాళీ అని ఎప్పుడో తెలుసు."

అది నవ్వి, దరఖాస్తు నింపుకుంటూ, "తల్లి వృత్తి" అని పైకి చదివింది. చదివాక నా వైపు చూడలేదు. "గృహిణి అని రాయనా?"

"వద్దు."

"మరేం రాయను?"

"ఖాళీగా వదిలెయ్."

"ఖాళీగా ఉంటే తీసుకోరమ్మా."

"తీసుకోకపోతే మానెయ్" అని అరిచాను. అనవసరంగా అరిచాను. అది కలం మూత పెట్టి లేచి వెళ్లిపోయింది. నాకు మటుకు ఆ ఖాళీ గడి కళ్ల ముందే ఉండిపోయింది. కర్రపుల్ల పట్టుకోకపోతే నేనెవర్ని అని ఎవరైనా నిలదీసి అడిగితే, నిజంగానే నా దగ్గర మాట లేదు.

మా ఆయన సంగతి వేరు. ఆయన పొడి మేస్త్రీ. ఆయన చేత్తో చూడందే పాళ్లు కుదరవని పేరు. పొద్దున నన్ను దాటుకుని ఆయన చెప్పులేసుకుంటూ ఉంటే కడుపు రగిలిపోయేది. ఆయన దగ్గుతూ వెళ్లేవాడు, దగ్గుతూ వచ్చేవాడు. ఏడాదిగా ఆ దగ్గుంది. మూతి కడిగినప్పుడు ఒకటి, మెట్లెక్కినప్పుడు రెండు, పడుకున్నప్పుడు లెక్కలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఇంతెత్తు లేచేవాడు.

"వెళ్తే కాగితం రాస్తాడు. కాగితం ఫ్యాక్టరీకి వెళ్తుంది. పొడి గదిలోంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెడతారు. నేను గేటు దగ్గర కూర్చునే మనిషినా?"

"కూర్చుంటే ఏం? నేను ఇంట్లో కూర్చోలేదా?"

"నువ్వు కూర్చున్నావు కాబట్టే చూస్తున్నానుగా, ఎలా ఉందో."

ఆ మాట గుచ్చుకుంది. వారం రోజులు పలకలేదు. ఆ వారమంతా పక్కలో ఆయన దగ్గుతున్నా, అటు తిరిగి పడుకున్నాను. వేల కప్పుల లోపల ఏముందో విన్నదాన్ని, పక్కలో మనిషిని పెడచెవిన పెట్టాను. ఈ ముక్క ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెబుతున్నాను.

వారం తిరిగేసరికి ఆయన పొడి బస్తా ఎత్తబోయి దాని మీదే కూలబడ్డాడు. ఇద్దరు మనుషులు పట్టుకుని ఇంటికి తెచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంక కాగితం సంగతి ఆయన ఎత్తలేదు.

*

ఆసుపత్రిలో చూసింది ఒక చిన్నవయసు డాక్టరమ్మ. మా ఆయన్ని ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, చొక్కా తీయించి, వెనక నిలబడింది. నేను ఆయన ఎడమ పక్కన గోడకు ఆనుకుని ఉన్నాను. బయట వాన. డాక్టరమ్మ ఎడమచేతి నడిమివేలు ఆయన వీపు మీద ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద టక్కున కొట్టింది. పైనుంచి కిందికి, ఒక్కోచోట ఒక్కో దెబ్బ.

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. నిజం చెబుతున్నాను, సంతోషమే కలిగింది. నెలన్నర తరవాత నా చెవులకు వినాల్సింది దొరికింది. వాన చప్పుడు వినపడలేదు, గదిలో మనుషులు కనపడలేదు. కుడివైపు పైన, ఖాళీ గదిలా తేటగా మోగింది. మధ్యన మోగింది. ఎడమవైపు పైన మోగింది. ఎడమవైపు కింద, ఆఖరి మూడు పక్కటెముకల దగ్గర, తడి గోడను తట్టినట్టు దబ్బుమని ఆగిపోయింది.

"పక్కకి" అన్నాను.

పైకే అన్నాను. ఎడమచెయ్యి కూడా కదిలింది, అలవాటుగా, తీసి పడేసినట్టు.

"ఏమిటమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదు."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమైంది మా ఆయనకి. ఆయన తల తిప్పి చూడలేదు. పక్కనున్న చొక్కా అందుకుని, ఆమె ఇంకా చూడడం అవకముందే, నెమ్మదిగా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ చాలాసేపు చెప్పింది. ఏళ్ల తరబడి పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందంది. దాని మీద క్షయ పట్టిందంది. ఎడమవైపు నీరు చేరింది, తీస్తాం, మళ్లీ చేరొచ్చు అంది. ఏడాది ముందు వచ్చి ఉంటే అంటూ ఆగిపోయింది. మేం తలూపాం. అదంతా మా ఇద్దరికీ ఒక్క మాటలో అప్పటికే తెలిసిపోయింది.

బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను. రెండు స్టాపులు దాటాక అడిగాడు.

"నీ చెవి ఎప్పుడైనా తప్పిందటే?"

"తప్పింది. ఆ ఎనిమిదో కప్పు."

"అది చెడ్డదాన్ని మంచిదనుకుని తప్పావు. మంచిదాన్ని చెడ్డదనుకుని ఎన్నడైనా తప్పావా?"

ఎన్నడూ తప్పలేదు. అది ఆయనకీ తెలుసు.

*

నీరు తీశారు, మళ్లీ చేరింది. మంచం కిటికీ దగ్గరికి జరిపాం. నేను ఆయనకు పాలు కాచి ఇచ్చేదాన్ని, మందులిచ్చేదాన్ని, దూరంగా కుర్చీలో కూర్చునేదాన్ని. దగ్గరికి వెళ్లాలంటే సిగ్గు. కట్టుకున్నవాణ్ని నా నోటితోనే తొట్టిలో పడేశాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు, ఆ నోటితోనే కదా అడగాలి.

నాలుగో రోజో అయిదో రోజో, మధ్యాహ్నం పూట, ఆయన కళ్లు తెరవకుండానే అన్నాడు. "ఏమే, పక్కకి అన్నావు కదా."

"అలవాటులో వచ్చేసిందండీ. నా నాలుక తెగ..."

"మరి రా."

"ఎక్కడికి?"

ఆయన మంచం మీద పక్కబట్టను చేత్తో తట్టాడు. "పక్కకి."

ఏడ్చాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన వేసిన వాటిలో పనికొచ్చిన హాస్యం అదొక్కటే అనుకుంటాను. వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయన వీపు నా వైపు తిప్పి, "ఎంతవరకు వచ్చిందో చూడు" అన్నాడు. డాక్టరమ్మ చేసినట్టే వేలు ఆనించి తట్టాను. ఎముక మారేసరికి చప్పుడు మారింది. "నిన్నటిలాగే ఉంది" అన్నాను.

"నీకు నిన్నటి సంగతి ఎలా తెలుసే, నిన్న చూడందే?" అని నవ్వబోయి దగ్గాడు. ఆ తరవాత రోజూ చూసేదాన్ని. నీరు ఒక వేలెడు పెరిగిన రోజున పెరగలేదని చెబితే పట్టేసేవాడు. నా మొహం చూసి కాదు, ఓరకంట నా ఎడమచెయ్యి చూసి. చెడ్డ చప్పుడు వింటే అది దానంతటది కదిలేది. చివరికి ఆయన ఆ చేతిని తన చేతిలో పట్టుకుని, అప్పుడు తట్టమనేవాడు. ఒక్క చేత్తో ఎలా తట్టను? తట్టడం మానేసి, చెవి ఆనించి వినేదాన్ని. కప్పును వినేది ఉంచాలో పారెయ్యాలో తేల్చడానికి. ఇక్కడ తేల్చాల్సిందేమీ లేదు. ఊరికే వినడం. అంతసేపు దేన్నైనా ఊరికే వినడం నా జన్మలో అదే మొదలు.

ఆదివారం ఆయన్ని చూడ్డానికి పొడి గది వాళ్లు ముగ్గురు వచ్చారు. మా ఆయన వాళ్ల పరామర్శ సగంలోనే ఆపేసి, అందరికంటే చిన్నవాణ్ని, పొట్టి అని పిలిచేవాణ్ని, వేలితో చూపించాడు.

"నువ్వు. చొక్కా తియ్యి."

"ఎందుకన్నా?"

"నువ్వు నాలాగే దగ్గుతున్నావు. మీ వదిన చూస్తుంది."

"వదినకేం తెలుసు అన్నా?"

"దానికి తెలిసినంత ఎవరికీ తెలియదు. పైగా అది ఏ కాగితం మీదా రాయదు. ఫ్యాక్టరీ మనిషి కాదు."

ఫ్యాక్టరీ మనిషి కాదు. నన్ను రెండు నెలలుగా కోస్తున్న మాట ఆయన నోట ఒక అర్హతలాగా వచ్చింది. పొట్టి సిగ్గుపడుతూ వెనక్కి తిరిగాడు. తట్టాను. నాలుక పళ్ల మధ్య బిగించి తట్టాను. కుడివైపు కింద రెండు వేళ్ల మేర మొద్దు.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. ఇంకా చిన్నదే" అన్నాను.

మిగతా ఇద్దరి వీపులూ తట్టాను, తేడా ఏమీ వినపడలేదు. "నా చెవికి అందనివి కూడా ఉంటాయి, ఒకసారి తప్పాను. మీరూ వెళ్లండి" అన్నాను. పొట్టి వెళ్లాడు. డాక్టరమ్మ మందులు మొదలుపెట్టింది. ఆ కబురు పొడి గదిలో పాకింది. ఆ తరవాత రోజూ పని దిగి ఒకరో ఇద్దరో మా గుమ్మంలో నిలబడేవాళ్లు. "మేస్త్రీని చూసిపోదామని" అనేవాళ్లు, చూసి, చొక్కా విప్పేవాళ్లు. మంచం మీద నుంచి మా ఆయన ఒక్కొక్కణ్ని మందలించేవాడు. "గేటు దగ్గర కూర్చోబెడితే కూర్చో. గేటు దగ్గర గాలి బాగుంటుంది. నేను కూర్చోనన్నాను, చూడు ఇప్పుడు ఎక్కడ పడుకున్నానో." అప్పుడు ఆయన గొంతు పొడి గదిలో పాళ్లు చెప్పేటప్పటిలాగే ఉండేది. ఆయనకు ఊపిరి అందని రోజుల్లో కూడా ఆ మాటలకు మాత్రం ఎక్కడినుంచో అందేది.

పదకొండు మందిని చూశాం. నలుగురికి ఉంది.

వానలు వెనకబట్టే వేళకి, ఒక తెల్లవారుజామున, నా ఎడమచెయ్యి పట్టుకున్న ఆయన చెయ్యి వదులైంది. నేను వీపుకు చెవి ఆనించే ఉన్నాను. ఏమీ వినపడని చప్పుడు కూడా నాకు తెలుసు. అయినా చాలాసేపు చెవి తియ్యలేదు. అమ్మాయి లేచి వచ్చి, నా భుజం పట్టుకుని లేపింది.

*

మూడు వారాల తరవాత ఇస్త్రీ వచ్చాడు. అలాగే, నలగని చొక్కాతో. మా ఆయన ఖాళీ మంచం వైపు చూడకుండా కుర్చీ లాక్కున్నాడు. అమ్మాయి టీ పెట్టి ఇచ్చింది.

"యంత్రానికి తేమ పడట్లేదమ్మా. వానాకాలమంతా మంచి కప్పుల్ని కూడా తోసేసింది. నువ్వు వచ్చేస్తే బాగుంటుంది. పాత చోటే, పాత కుర్చీయే. అందరూ నిన్నే తలుచుకుంటున్నారు."

అబద్ధం చెప్పను, ఆశ పుట్టింది. ఆ రబ్బరు పట్టా, ఆ చప్పుడు, చెవులమ్మా అని పిలుపు. ఇరవై నాలుగేళ్లు.

"అయితే ఒక్కటమ్మా" అని చొక్కా మణికట్టు సర్దుకున్నాడు. "ఇక్కడ ఈ వీపులు తట్టడం అదీ మానెయ్యాలి. పైవాళ్ల దాకా వెళ్లింది. పొడి గదిలో సగం మంది సెలవు చీటీలు పెడుతున్నారు. నువ్వేమైనా డాక్టరువా? నువ్వు చేసేది కప్పుల పని."

"ఆయన పోయాక ఇంకో ముగ్గురు వచ్చారు సారూ" అన్నాను. "రేపు ఇద్దరొస్తారు. నాకు తీరిక ఉండదు."

"బాగా ఆలోచించుకో. మళ్లీ అడగరు."

"అడగొద్దు సారూ."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి నా వంక చూసి, టీ గ్లాసు తీసుకునే నెపంతో లోపలికి పోయింది. ఇక ఆయన లేచి వెళ్తాడనుకున్నాను. లేవలేదు. వీధి తలుపు వైపు ఒకసారి చూశాడు, నేల వైపు చూశాడు. లేచి తానే తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఆ నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. ఆ ఆయాసం నేను ఎరిగినదే. మా ఇంట్లో ఏడాది తిరిగింది.

"ఎప్పటినుంచి సారూ?"

"రెండేళ్లు అయింది" అన్నాడు చాలా చిన్నగా. "కాగితం మీద..."

"నేను రాయను."

చొక్కా విప్పి, మడత పెట్టి, మా ఆయన మంచం మీద పెట్టాడు. మళ్లీ దాన్నే తీసి ముద్దగా చేతిలో పట్టుకున్నాడు. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. చొక్కా లేకపోతే మనిషి ఇంతేనా అనిపించింది. వేలు ఆనించి పైనుంచి మొదలుపెట్టాను. కుడివైపు మోగింది. ఎడమవైపు నడుము పైన, మా ఆయనకు ఉన్నచోటే, దబ్బుమంది. ఇంకా పైదాకా దబ్బుమంది.

మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. ఆయన మెడ కొంచెం తిప్పాడు కానీ నా మొహం చూడలేదు. ఎంతైనా ఆ ఫ్యాక్టరీ మనిషే కదా, నా ఎడమచేతినే చూస్తున్నాడు. అది అప్పటికే ఆయన వీపు మీద నుంచి లేచింది. లేచినదాన్ని తెచ్చి ఆయన భుజం మీద వేశాను. చెమటగా ఉంది. అక్కడే ఉంచాను.

"ఏమంటావు?" అన్నాడు.

"రేపు పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం సారూ. నేను పక్కనే ఉంటాను."